చాందా ఎండల్లో, బొగ్గు దుమ్ములో కంప్యూటర్ క్యాబినెట్ ఫ్యాన్లు ఎటు తిప్పాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. ఉండేది చాందా (చంద్రపూర్) జిల్లా రాజురాలో. సిస్టమ్‌లో ప్రాసెసర్ ఐ5 12400ఎఫ్, గ్రాఫిక్స్ కార్డ్ ఆర్‌టీఎక్స్ 3060. క్యాబినెట్ ముందు భాగం మొత్తం అద్దం, దాని వెనక మూడు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒక ఫ్యాన్ బయటికి. మధ్యాహ్నం గేమ్ ఆడితే గ్రాఫిక్స్ కార్డ్ 86 డిగ్రీల దగ్గర ఊగుతోంది, ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనబడే ఫ్రేముల సంఖ్య) పడిపోతోంది, ఫ్యాన్ల గోల కూడా ఎక్కువగా ఉంది. ఒక ఫ్రెండేమో "వేడి బయటికి పోవాలి కదా, అన్ని ఫ్యాన్లూ బయటికే తిప్పెయ్" అన్నాడు. ఇంకొకరు పైన రెండు కొత్తవి పెట్టమన్నారు. ఎవరి మాట వినాలి అన్నా, అని అడిగావు.

ఇద్దరి మాటా వద్దు. కొత్త ఫ్యాన్లు ఇప్పుడే కొనకు కూడా. నేను బల్లార్షాలో సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తాను, రిపేర్లు చూస్తాను. ఎండాకాలంలో నా టేబుల్ మీదికి వచ్చే గేమింగ్ సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి ఉండేది ఒకటే జబ్బు: ఫ్యాన్లు బోలెడు, వాటికి పీల్చుకోవడానికి గాలి లేదు. అందరూ వేడి ఎటు పోవాలన్న దాని మీదే పడతారు. చల్లగాలి ఎక్కడి నుంచి వస్తుంది, ఏ దారిన కార్డ్ దాకా చేరుతుంది అన్నది ముందు చూసుకుంటే వేడి గాలి తన దారి తాను వెతుక్కుంటుంది.

ముందు ఒక లెక్క. ఫ్యాన్ గాలిని చల్లబరచదు. గదిలో ఉన్న గాలినే తెచ్చి వేడెక్కిన భాగాల మీదుగా పంపుతుంది, అంతే. గది 40 డిగ్రీలు ఉంటే, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపల ఏ భాగమూ 40 కంటే దిగదు. బెంగళూరులో 26 డిగ్రీల గదిలో వీడియో తీసినవాళ్ల కార్డ్ 68 చూపిస్తే, అదే కార్డ్ అదే క్యాబినెట్‌లో మన దగ్గర మే నెలలో 40 డిగ్రీల గదిలో 82 చూపిస్తుంది. రెండు చోట్లా తేడా 42 డిగ్రీలే. చాందాలో బయట 47 దాటిన రోజులు మనం చూసినవే కదా. కాబట్టి కార్డ్ ఎంత చూపిస్తోందో ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. ఒక మామూలు థర్మామీటర్ తెచ్చి క్యాబినెట్ ముందు, ఫ్యాన్లు గాలి పీల్చే ఎత్తులో పెట్టు. కార్డ్ వేడిలోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేదే నీ క్యాబినెట్ పనితనం. నీ గది 36 అనుకుంటే నీ తేడా 50. గాలి బాగా ఆడే క్యాబినెట్‌లో 3060కి ఇది 40 చుట్టుపక్కల ఉండాలి. అంటే ఆ పది డిగ్రీలు మన చేతిలో ఉన్నాయి, మిగతాది వాతావరణం.

86కి కార్డ్ కాలిపోతుందేమో అని టెన్షన్ పడకు. ఈ కార్డుకు దాని చిప్ కంపెనీ ఎన్విడియా చెప్పిన గరిష్ఠ హద్దు 93 డిగ్రీలు. దానికంటే ముందే కార్డ్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుని వేడి తగ్గించుకుంటుంది. నీకు కనిపిస్తున్న ఎఫ్‌పీఎస్ పడిపోవడం అదే.

ఇప్పుడు ఎంత గాలి కావాలో చూద్దాం. గేమ్ ఆడేటప్పుడు 3060 సుమారు 170 వాట్లు లాగుతుంది. ప్రాసెసర్ 60, 70. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ కలుపుకుంటే మొత్తం 250 వాట్ల వేడి ఆ డబ్బాలో పుడుతుంది. నిమిషానికి 25 ఘనపుటడుగుల గాలి, అంటే 25 సీఎఫ్‌ఎం, నిజంగా క్యాబినెట్ గుండా పోతే ఆ గాలి దాదాపు 18 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తుంది. 50 సీఎఫ్‌ఎం పోతే 9 డిగ్రీలు. 100 పోతే నాలుగున్నర. గాలి రెట్టింపైన ప్రతిసారీ వేడి సగం అవుతోంది, కానీ మొదటి రెట్టింపులో 9 డిగ్రీలు తగ్గితే రెండో దానిలో నాలుగున్నరే తగ్గింది. అందుకే మొదటి రెండు మూడు ఫ్యాన్లకు ఉన్న విలువ ఐదో దానికీ ఆరో దానికీ ఉండదు. ఇంకో సంగతి, ఫ్యాన్ డబ్బా మీద రాసే సీఎఫ్‌ఎం ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా కొలిచింది. ముందు అద్దం, ఫిల్టరు, లోపల కేబుళ్లు అన్నీ దాటాక అందులో సగం కూడా మిగలకపోవచ్చు.

నువ్వు పెట్టిన ఫొటోలో నాకు కనబడిన అసలు దోషం అదే, అద్దం. ఆ అద్దానికీ చట్రానికీ మధ్య ఒక పక్కన వేలు పట్టేంత సందు ఉంది. మూడు ఫ్యాన్లూ ఆ ఒక్క సందులోంచే గాలి లాక్కోవాలి. లైట్లు బాగా కనబడతాయి, గాలి మాత్రం రాదు.

నా మాట నమ్మి ఖర్చు పెట్టకు, ముందు నువ్వే పరీక్ష చేసి చూడు. ఎప్పుడూ ఆడే గేమే అరగంట ఆడి కార్డ్ వేడి, గది వేడి రాసుకో. తర్వాత ముందు అద్దం ఊడదీసి మళ్లీ అరగంట. తర్వాత అద్దం పెట్టేసి పక్క డోర్ తీసి మళ్లీ అరగంట. మూడుసార్లూ సీలింగ్ ఫ్యాన్, కూలర్ ఒకేలా ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. అద్దం తీస్తే ఐదు డిగ్రీలో అంతకంటే ఎక్కువో తగ్గిందంటే గాలి లోపలికి రావడం లేదని ఖాయం. అద్దం తీస్తే తగ్గక, పక్క డోర్ తీస్తేనే తగ్గితే గాలి వస్తోంది గానీ కార్డ్ దాకా చేరడం లేదు. ఏది తీసినా తగ్గలేదంటే క్యాబినెట్ జోలికి పోకు. కార్డ్ హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) రేకుల మధ్య దుమ్ము పట్టి ఉంటుంది, లేదా చిప్‌కూ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది.

అద్దమే దోషమని తేలితే ముందు జాలీ ఉన్న ప్యానెల్ అదే మోడల్‌కు దొరుకుతుందేమో చూడు. దొరక్కపోతే అద్దం బిగించే స్క్రూల కింద ఒక అంగుళం స్పేసర్లు వేసి అద్దాన్ని ముందుకు జరుపు. నాలుగు వైపులా సందు వస్తుంది. చూడటానికి కాస్త తేడాగా ఉంటుంది, అయినా మంచి గుణం కనబడుతుంది. కొత్త క్యాబినెట్ కొనేవాళ్లకు మాత్రం నేను ఒకటే చెబుతాను: మన ఎండలకు ముందు జాలీ లేని క్యాబినెట్ ఎంత అందంగా ఉన్నా కొనొద్దు.

ఇక "అన్నీ బయటికే" అన్న సలహా. వంటింట్లో తలుపులు, కిటికీలు అన్నీ మూసేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగ ఎంత పోతుందో, ఇక్కడా అంతే పోతుంది. బయటికి వెళ్లిన ప్రతి గాలికీ బదులుగా ఎక్కడినుంచో గాలి లోపలికి రావాలి. ఫిల్టర్ ఉన్న దారి నువ్వు ఇవ్వకపోతే అది దొరికిన సందుల్లోంచి వస్తుంది: వెనక కార్డ్ స్లాట్ల రేకుల మధ్య నుంచి, యూఎస్‌బీ పోర్టుల చుట్టూ ఉన్న సందు నుంచి, డోర్ అంచు నుంచి. వాటిలో దేనికీ ఫిల్టర్ ఉండదు.

వేరే ఊళ్లో అయితే ఇది చిన్న విషయమే. మన దగ్గర కాదు. సాస్తి వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇళ్లలోంచి వచ్చే సిస్టమ్‌లు విప్పినప్పుడు ముందుగా నేను చూసేది వెనక స్లాట్ రేకులనే. బయటికి లాగే ఫ్యాన్లు ఎక్కువైన సిస్టమ్ అయితే ఒక్కో రేకు లోపలి అంచున నల్లటి గీత తీర్చినట్టు కనబడుతుంది. వేలితో రాస్తే మెత్తగా, కొంచెం జిడ్డుగా అంటుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డ్ వెనక అంచు నుంచి మొదలై బోర్డు మీద స్లాట్ల చుట్టూ ఆ నలుపు విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంటుంది. ముందు ఫిల్టర్ చూస్తే దాదాపు శుభ్రంగా ఉంటుంది. అంటే గాలంతా దొడ్డిదారినే వచ్చిందన్న మాట.

కాబట్టి మనకు సరిపడే పద్ధతి, లోపలికి వచ్చే గాలి బయటికి పంపే గాలికంటే కాస్త ఎక్కువ ఉండటం. అప్పుడు లోపల ఒత్తిడి పెరిగి ఆ సందులన్నిట్లోంచీ గాలి బయటికి తోసుకుంటుంది, దుమ్ము వాటిలోంచి రాలేదు. వచ్చేదంతా ఫిల్టర్ దారినే వస్తుంది. ఒక మాట దాచకుండా చెప్పాలి: క్యాబినెట్‌తో వచ్చే నైలాన్ ఫిల్టర్ వెంట్రుకలు, నూలుపోగులు, ముతక దుమ్ము పట్టుకుంటుంది గానీ మెత్తటి బొగ్గు పొడిని ఆపలేదు. దాన్ని ఆపేంత సన్న జాలీ పెడితే గాలే ఆగిపోతుంది. ఈ పద్ధతితో దుమ్ము తగ్గుతుంది, ఎక్కడ పేరుకుంటుందో మనకు తెలుస్తుంది, తుడవడం తేలికవుతుంది. పూర్తిగా రాకుండా చేయడం ఎవరి వల్లా కాదు.

నీది ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి. అమరిక సరైనదే, దాన్ని మార్చకు. కానీ ఫ్యాన్లు నిజంగా అటే తిరిగి ఉన్నాయా చూసుకో. రెక్కలు తెరిచి కనబడే వైపు నుంచి గాలి పీల్చి, మధ్యలో స్టిక్కర్, దాన్ని పట్టుకున్న కమ్మీలు ఉన్న వైపు నుంచి వదులుతుంది. కొన్నిటికి చట్రం పక్కన బాణం గుర్తులు ఉంటాయి. ఈ మధ్య అందం కోసం రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లు వస్తున్నాయి, అవి దీనికి సరిగ్గా ఉల్టా. చిన్న కాగితం ముక్క దగ్గర పెడితే అనుమానం తీరిపోతుంది: అంటుకుంటే పీల్చే వైపు, ఎగిరిపోతే వదిలే వైపు. అలాగే కింది ముందు ఫ్యాన్ ఎదుట ఎస్‌ఎంపీఎస్‌ను (కరెంట్ సప్లై డబ్బాను) కప్పే రేకు గోడలా అడ్డం వచ్చిందేమో చూడు. వస్తే ముందు ఫ్యాన్లను ఒక మెట్టు పైకి జరుపు. కార్డుకు గాలి అందించేది మధ్య ఫ్యాన్, కింది ఫ్యానే.

పైన రెండు పెడితే ఏమవుతుంది? బయటికి పంపేవి మూడు అవుతాయి, లోపలికి తెచ్చేవి అద్దం వెనక ఊపిరాడని మూడు. మళ్లీ స్లాట్ల సందుల్లోంచి దుమ్ము మొదలు. అంతకంటే, పైన ముందు వైపు పెట్టిన ఎగ్జాస్ట్ చేసే చెడు ఎక్కువ. ముందు పై ఫ్యాన్ తెచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ కూలర్ దాకా పోనివ్వకుండా పైకి లాగేస్తుంది. పైన పెట్టాలనుకుంటే వెనక మూలన, ప్రాసెసర్‌కు సరిగ్గా పైన, ఒక్కటే చాలు. అది కూడా అద్దం సంగతి తేలాకే. క్యాబినెట్ అడుగున ఫ్యాన్‌కు చోటుంటే కొత్త ఫ్యాన్ అక్కడ లోపలికి పెట్టడమే కార్డుకు ఎక్కువ మేలు, ఎందుకంటే గాలి సూటిగా కార్డ్ ఫ్యాన్లకు తగులుతుంది. అయితే డబ్బా నేల మీద ఉండకూడదు. స్టూల్ మీదో, బల్ల మీదో ఉండాలి.

ఒత్తిడి ఎటు ఉందో తెలుసుకోవడానికి అగరబత్తి కంటే మంచి సాధనం లేదు. సీలింగ్ ఫ్యాన్, కూలర్ ఆపేసి కిటికీ మూసి, గేమ్ నడుస్తుండగా వెలిగించిన అగరబత్తిని వెనక స్లాట్ రేకుల దగ్గర రెండు వేళ్ల దూరంలో పట్టుకో. పొగ తీగ నిటారుగా లేస్తూ ఉంటుంది కదా, రేకు సందు ఎదుటికి రాగానే అటో ఇటో వంగుతుంది. బయటికి వంగితే నీ అమరిక బాగుంది. లోపలికి పీల్చుకుపోతే బయటికి పంపేది ఎక్కువైంది, వెనక ఫ్యాన్ స్పీడ్ తగ్గించు. నెమ్మదిగా డోర్ అంచు వెంబడి, పై జాలీ మీదా తిప్పి చూడు. నుసి లోపల పడకుండా జాగ్రత్త.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. మదర్‌బోర్డ్ మామూలుగా క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడిని చూసి తిప్పుతుంది. గేమ్‌లో మండుతున్నది కార్డ్, ప్రాసెసర్ మాత్రం 60 దగ్గర హాయిగా ఉంటుంది. దాంతో క్యాబినెట్ ఫ్యాన్లు నిద్రపోతుంటాయి, కార్డ్ ఫ్యాన్లు ఒక్కటే అరుస్తుంటాయి. నువ్వు చెప్పిన గోల అదే అనుకుంటున్నాను. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ముందు ఫ్యాన్లను 70 శాతం దగ్గర స్థిరంగా పెట్టు, వెనకది 50. లేదా ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని కార్డ్ వేడిని బట్టి తిరిగేలా సెట్ చెయ్. నాలుగు పిన్నుల ఫ్యాన్ అయితే పీడబ్ల్యూఎం మోడ్, మూడు పిన్నులదైతే డీసీ మోడ్ పెట్టాలి. తప్పు మోడ్ పెడితే మూడు పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది. బోర్డు మీద ఒక్కో ఫ్యాన్ సాకెట్ సాధారణంగా 1 ఆంపియర్ దాకానే ఇస్తుంది, కాబట్టి స్ప్లిటర్ (ఒకే సాకెట్‌కు రెండు మూడు ఫ్యాన్లు కలిపే వైరు) వేసే ముందు ఫ్యాన్ స్టిక్కర్ మీద ఆంపియర్లు కూడి చూసుకో. చవక ఆర్‌జీబీ ఫ్యాన్లలో కొన్ని ఎస్‌ఎంపీఎస్ మోలెక్స్ వైరు నుంచి కరెంట్ తీసుకుని ఒకటే స్పీడ్‌లో తిరుగుతాయి. వాటిని బోర్డు అదుపు చేయలేదు.

శబ్దం గురించి కూడా అడిగావు. ఫ్యాన్‌ను 1200 ఆర్‌పీఎం నుంచి 800కు దించితే శబ్దం దాదాపు 9 డెసిబెల్స్ తగ్గుతుంది, గాలి తగ్గేది మూడో వంతే. అందుకే ఒక ఫ్యాన్‌ను ఫుల్‌గా అరిపించడం కంటే మూడింటిని నెమ్మదిగా తిప్పడం మేలు.

అన్నిటికంటే చవకైన మందు ఇంకొకటి ఉంది. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డ్ పవర్ లిమిట్ 85 శాతానికి దించు. 170 వాట్లు 145 అవుతుంది, ఆటలో తేడా చాలా తక్కువ. మే, జూన్ మొదటి వారాలు గడిచేదాకా అలాగే ఉంచు. ఇరవై అయిదు వాట్ల వేడిని బయటికి పంపడం కంటే పుట్టకుండా చేయడం తేలిక.

కూలర్ సంగతి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మన వైపు కూలర్ లేని ఇల్లు అరుదు. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, గది వేడి పది డిగ్రీలైనా దిగుతుంది. గది పది దిగితే కార్డ్ కూడా దాదాపు పది దిగుతుంది. ఏ ఫ్యాన్ అమరికా ఇంత ఇవ్వదు. కానీ కూలర్ గాలి సూటిగా క్యాబినెట్ మీద పడకూడదు. ఆ గాలితో సన్నటి నీటి తుంపర వస్తుంది. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి. లోపలి దుమ్ము తడిసి రేకుల మధ్య అట్ట కడుతుంది. గడ్‌చాందూర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సిమెంట్ దుమ్ము తడిసి ఆరితే గట్టిపడుతుంది, అలా గట్టిపడ్డ హీట్‌సింక్ బ్లోయర్‌కు లొంగదు, విప్పి బ్రష్‌తో గీకాల్సిందే. కూలర్‌కు ఎదుట కాకుండా పక్కకు, కనీసం ఆరడుగుల దూరంలో సిస్టమ్ పెట్టు. ఎదురు కిటికీ తెరిచి ఉంచు. తేమ బయటికి పోతేనే కూలర్ చల్లబరుస్తుంది. వానలు మొదలయ్యాక కూలర్ వల్ల చల్లదనం రాదు, తేమే వస్తుంది. అప్పుడు ఆపేయడం మంచిది.

సిస్టమ్‌ను కంప్యూటర్ టేబుల్ కింది అరలోకి దూర్చకు. వెనక ఫ్యాన్ వదిలిన వేడి గాలి చెక్కకు తగిలి తిరిగి ముందుకే వస్తుంది, దాన్నే మళ్లీ పీల్చుకుంటుంది. వెనక జానెడు ఖాళీ ఉండాలి.

శుభ్రం చేయడం: ఎండాకాలంలో ముందు ఫిల్టర్ పదిహేను రోజులకోసారి తీసి దులుపు, నెలకోసారి కడిగి పూర్తిగా ఆరాక పెట్టు. లోపల రెండు మూడు నెలలకోసారి బ్లోయర్ పట్టు. కరెంట్ వైరు తీసి, ఆరుబయటికి తెచ్చి, ప్రతి ఫ్యాన్ రెక్కనూ వేలితో కదలకుండా పట్టుకుని ఊదాలి. వదిలేస్తే బ్లోయర్ గాలికి ఫ్యాన్ విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకు. ఆ ట్యాంకులో నీళ్లు, నూనె తుంపర ఉంటాయి, ఒత్తిడి కూడా చాలా ఎక్కువ. అలా ఊదించుకుని వచ్చిన బోర్డుల మీద జిడ్డు మరకలు నేను చాలాసార్లు తుడిచాను.

ఇవన్నీ అయ్యాక కూడా తేడా 45 కంటే దిగకపోతే అప్పుడు పైన వెనక మూలకు ఒక ఫ్యాన్ కొను. 120 ఎం.ఎం., నాలుగు పిన్నులది. పైన ఫ్యాన్ పడుకున్నట్టు బిగుస్తుంది కాబట్టి, దాని మీదుగా పోయేది వేడి గాలే కాబట్టి, స్లీవ్ బేరింగ్‌ది వద్దు. అందులో నూనె త్వరగా ఎండి కొన్నాళ్లకే గరగర మొదలవుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ గానీ బాల్ బేరింగ్ గానీ అడిగి తీసుకో, లైట్లు లేకపోయినా పర్వాలేదు.